భీంకు అక్షర భిక్షా?

ఖైరతాబాద్‌లో 'ఆర్ఆర్ఆర్' చూశాను. పాటలకు హాలంతా ఊగింది, నేనూ ఊగాను. చివర్లో మనసు చివుక్కుమంది. కుమురం భీం చదువు చెప్పమని అడుగుతాడు. 'జల్ జంగల్ జమీన్' అని జెండా మీద రామరాజు రాస్తాడు.

అల్లూరి 1924లో, భీం 1940లో అమరులయ్యారు. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో లేదు. కల్పన అంటారా, సరే. కల్పనలో కూడా ఇచ్చే చెయ్యి బయటివారిది, చాచే చెయ్యి మనదేనా? భీం అస్సాంలో చదవడం, రాయడం నేర్చుకున్నాడని మన పెద్దలు చెబుతారు. జోడేఘాట్ పోరు తర్వాతే నిజాం సర్కారు మనవైపు చూసింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలొచ్చాయి. అది భిక్ష కాదు, నెత్తుటితో తెచ్చుకున్న బడి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సినిమా చూడండి, ఈలలేయండి. టీచర్లూ, మర్నాడు తరగతిలో మార్లవాయి కథ చెప్పండి. మన తాత కథ మనమే రాయాలి.