యంత్రరూపకల్పన బోధనము – పరిభాషాసమస్య

అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021-22 విద్యాసంవత్సరమునుండి ఇంజనీరింగు పట్టతరగతులను తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలలో బోధించుటకు అనుమతి నిచ్చినది. ఇందులకు వలసినది పారిభాషిక పదముల పట్టిక యని పలువురు తలంతురు. యాంత్రిక ఇంజనీరింగులో రూపకల్పన యను పాఠ్యవిషయమునకు మాత్రము పట్టిక చాలదు. ఏలయన, పెక్కు మార్గములలో నొకదానిని కారణము చూపి ఎన్నుకొనుటయే రూపకల్పన. కారణము చెప్పు భాష సందిగ్ధమైనచో ఎన్నిక తప్పును.

పళ్లచక్రములను మోయు ఉక్కు షాఫ్టు విరుగకున్నను మితిమీరి వంగుచున్నదనుకొనుడు. చక్రముల పళ్లు సరిగా కలియక త్వరగా అరిగిపోవును. ఇంతకంటె గట్టి ఉక్కు వాడవలెనని విద్యార్థి నిర్ణయించును. ఖర్చు పెరుగును, వంగుట తగ్గదు. సామాన్యమైన ఉక్కునకును, మేలురకపు మిశ్రమపు ఉక్కునకును విరుగుటకు ముందు ఓర్చుకొను ప్రతిబలమున ఎంతో భేదమున్నను, యంగ్ గుణకము రెంటికిని సుమారు 200 గిగాపాస్కళ్లే. వంపు తగ్గవలెనన్న షాఫ్టు వ్యాసము పెంచవలెను, లేదా బేరింగుల నడిమి దూరము తగ్గించవలెను. వ్యాసము రెట్టింపైనచో అదే భారమునకు కలుగు ప్రతిబలము 8వ వంతునకును, వంపు 16వ వంతునకును దిగును.

ఈ పొరపాటునకు మూలము 'గట్టి' యను మాటలో నున్నది. గీత పడనిది, విరుగనిది, వంగనిది మూడును వాడుకలో గట్టివే. రూపకల్పనకు ఇవి మూడు వేర్వేరు గుణములు. 'బలము' అను మాట మరింత చిక్కు. పాఠ్యగ్రంథములలో అది ఫోర్సు. వాడుకలో అది స్ట్రెంగ్త్. హిందీనుండి పదములు తెచ్చుకొనుటయు నిరపాయము కాదు. 'శక్తి' యనగా హిందీ గ్రంథములలో పవర్, తెలుగు గ్రంథములలో ఎనర్జీ. పవర్ అను భావమునకు తెలుగు గ్రంథములు 'సామర్థ్యము' అనును. సంస్కృతపద మొక్కటియైనంత మాత్రమున భావ మొక్కటి కానేరదు.

ఆంగ్లపదములనే యుంచిన చాలునను వాదము యంత్రభాగముల పేర్లకు చెల్లును. బేరింగు, గేరు, బోల్టు పనివారి నోట తెలుగుమాటలే యైనవి. గుణవాచకముల విషయమున ఆ వాదము నిలువదు. 'స్టిఫ్‌నెస్' అని కంఠస్థము చేసిన విద్యార్థియు మనసున 'గట్టి' యనియే తలచును. భేదమెరుగక అరువు తెచ్చిన పదము భేదమును తెలుపజాలదు.

తెలుగువారికి ఇం దొక మేలుబంతి కలదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన వ్యవసాయ వృత్తిపదకోశము రైతుల నోటి పదములను వారి పనితో ముడిపెట్టి గ్రహించినది. అదే విధమున భాషాశాఖలును రూపకల్పన బోధకులును కలిసి, ఒక్కొక్క గుణవాచకమునకు ఒక లెక్కను, విఫలమైన యంత్రభాగము నొకదానిని, పనివారు ఆ వైఫల్యమును చెప్పు మాటను చేర్చి చూచి, పిమ్మట పరిభాషను స్థిరపరుపవలెను. పదము ముందు, ప్రయోగము తరువాత అను నేటి క్రమము మారవలెను. లేనిచో తెలుగున చదివిన విద్యార్థి పరీక్షలో పదము సరిగా వ్రాసి, కర్మాగారమున షాఫ్టును తప్పుగా ఎన్నుకొనును.