ఓర్పు కాదు, ఊపిరి ముఖ్యము

ఛాతీ శస్త్రచికిత్స జరిగిన రోగికి బంధువులు "కొంచెం ఓర్చుకో" అని ధైర్యము చెబుతారు. ఓర్పు అన్నా, సబర్ అన్నా మన ఇండ్లలో గొప్ప గుణమే. కాని ఈ ఒక్క చోట ఆ ఉపదేశము మేలు చేయదని మా అభిప్రాయము.

ప్రక్కటెముకల నడుమ కోసిన చోటు ప్రతి శ్వాసకూ కదులుతుంది. నొప్పికి భయపడి రోగి పైపైన ఊపిరి పీలుస్తాడు, దగ్గును అణచుకొంటాడు. కఫము లోపలే నిలిచి న్యుమోనియాకు దారితీయవచ్చు. మార్ఫిన్ వంటి మందులు మోతాదు మించితే శ్వాసనే మందగింపజేస్తాయి. కనుకనే ఆ భాగపు నరాలను మాత్రమే మొద్దుబార్చే పద్ధతులు వచ్చాయి.

వెన్నుపాము పొరల వెలుపల సన్నని గొట్టముంచి మందు ఎక్కించే ఎపిడ్యూరల్ చిరకాలము మేటిగా పరిగణింపబడింది. కాని దానివలన రక్తపోటు పడిపోవచ్చు, మూత్రము బిగియవచ్చు. వెన్నెముక ప్రక్కన ఒకవైపే మందు నింపే పారావర్టిబ్రల్ పద్ధతి 1905 నాటిది. కొంతకాలము మరుగునపడి, 1979 తరువాత మరల ఆదరణ పొందింది. అది నొప్పిని దాదాపు ఎపిడ్యూరల్‌తో సమానముగా తగ్గిస్తుందనీ, పై చిక్కులు తక్కువనీ పరిశోధనలు తేల్చాయి. 2016లో వెలువడిన ఎరెక్టర్ స్పైనే పద్ధతిలో మందును వెన్ను కండరము క్రిందనే ఉంచుతారు. సూది ఊపిరితిత్తి పొరకు దూరముగా ఉంటుంది గనుక చేయుట సులభము. ఫలితము మాత్రము అందరిలో ఒకేరీతిగా ఉండదు.

వీటిలో ఏ రోగికి ఏది తగునో నిర్ణయించవలసినది వైద్యుడే. భాషను బోధించే మేము చెప్పదలచినది కొలబద్దను గురించి. కదలక పడుకొన్న రోగి "బాగున్నది" అంటే చాలదు. అతడు గట్టిగా దగ్గగలడా, నిండుగా ఊపిరి తీయగలడా అన్నదే ఏ పద్ధతికైనా అసలు పరీక్ష. 1888, 1889 సంవత్సరాలలో మన హైదరాబాదులో జరిగిన క్లోరోఫారమ్ కమీషన్లకు నాయకుడైన ఎడ్వర్డ్ లారీ, మత్తులో ఉన్న రోగి శ్వాసనే కనిపెట్టి ఉండవలెనని వాదించాడు. గుండెకు ముప్పు లేదన్న ఆయన సిద్ధాంతము తరువాత నిలువలేదు. శ్వాసను గమనించమన్న మాట నేటికీ విలువైనదే.

రెండవ కొలబద్ద రోగి నోటిమాట. సలుపు, పోటు, మంట, తీపు ఒకటి కావు. ఉర్దూలో టీస్ వేరు, జలన్ వేరు. మంటగా ఉన్నదంటే నరమునకే దెబ్బ తగిలి ఉండవచ్చు. అట్టి బాధ కొందరిని నెలల తరబడి వదలదు. అన్నిటినీ "నొప్పి" అని ఒక్క మాటగా వ్రాసుకొంటే వైద్యునికి ఆ జాడ అందదు.

ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన విద్యార్థులు మన కళాశాలకు కలిమి. నొప్పిని తెలిపే మాటల పట్టికను రెండు భాషలలోనూ వారిచేత కూర్పించి ఆసుపత్రి వార్డులకు అందజేయవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుతున్నాము. ఖర్చు స్వల్పము, తన బాధను తన మాటలలో చెప్పుకోగల రోగికి కలిగే మేలు స్వల్పము కాదు.