ఈల ఊదేవాడి పరుగు

ఆగస్టులో ఒక ఆదివారం. నెక్లెస్ రోడ్డులో చీకటితోనే బయల్దేరిన హైదరాబాద్ మారథాన్ దుర్గం చెరువు తీగల వంతెన దాటి గచ్చిబౌలి స్టేడియం దారి పట్టింది. వంతెన దిగాక ఒక ఐటీ కుర్రాడికి పిక్క పట్టేసింది. డివైడర్ మీద కూలబడ్డాడు. ఈల ఊదుతూ కార్లు ఆపుతున్న కానిస్టేబుల్ ఒకాయన వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుర్రాడి మడమ పట్టుకుని, బొటనవేలిని మెల్లగా పైకి వంచాడు. నిమిషంలో కుర్రాడు లేచి పరుగందుకున్నాడు. కానిస్టేబుల్ లేవడానికి మాత్రం డివైడర్ ఊతం కావలసి వచ్చింది. బెల్టు చివరి కంతలో ఉంది.

ఆ పట్టు పుస్తకంలో నేర్చుకున్నది కాదు, గ్రౌండులో నేర్చుకున్నది. ఎందుకంటే ఆయనా ఒకప్పుడు పరుగెత్తే ఉద్యోగం కొట్టాడు. తెలంగాణలో కానిస్టేబుల్ కావాలంటే మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడవాళ్లకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. ఆపైన లాంగ్ జంప్, షాట్‌పుట్. ‘ఈవెంట్స్ కొట్టినవా?’ అన్న ఒక్క ప్రశ్న చుట్టూ మన పల్లెల్లో ఎన్ని తెల్లవారుజాములు తిరిగాయో! ఈవెంట్స్ కొట్టాక ఉద్యోగం వస్తుంది. తరవాత బందోబస్తులు, నైట్ డ్యూటీలు, కూడలిలో పొగ, వేళ తప్పిన భోజనం. పరుగు పెట్టి తెచ్చుకున్న ఉద్యోగమే పరుగును మింగేస్తుంది.

గచ్చిబౌలి స్టేడియంలో ఆఫ్రో ఆసియా క్రీడలు జరిగింది 2003లో. సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పుట్టిందీ ఆ ఏడే. ఆ ఏడు 22 ఏళ్ల వయసులో చేరిన కానిస్టేబుల్‌కి ఇప్పుడు నలభై అయిదు అటూ ఇటూ. ఇంట్లోవాళ్లు ‘ఈ వయసులో పరుగులేంటి’ అంటారు. మాస్టర్స్ అథ్లెటిక్స్ మాత్రం సరిగ్గా ఈ వయసువాళ్ల కోసమే పుట్టింది. 35తో మొదలై అయిదేళ్లకో తరగతి. నలభై అయిదేళ్లవాడు పాతికేళ్లవాడితో పోటీ పడక్కర్లేదు, తన ఈడువాళ్లతో పడితే చాలు. పోలీసు పరీక్షలో మగవాళ్లు విసిరే ఇనప గుండు 7.26 కిలోలు. మాస్టర్స్‌లో 49 ఏళ్ల దాకా అదే గుండు. యాభై దాటితే 6 కిలోలు, అరవై దాటితే 5. వయసు పెరిగితే గుండు తేలికవుతుంది గానీ ఆట ఆగదు.

యూనిఫాం వాళ్లకు ఇలాంటి పెద్ద పండగ ఒకటుంది: ప్రపంచ పోలీస్, ఫైర్ క్రీడలు. 1985లో అమెరికాలోని శాన్ హొసేలో మొదలయ్యాయి. రెండేళ్లకోసారి జరుగుతాయి. రిటైరైనవాళ్లూ దిగొచ్చు. 2025లో బర్మింగ్‌హామ్‌లో మనవాళ్లు దాదాపు 600 పతకాలు తెచ్చి, 71 దేశాల్లో మొదటి మూడింట నిలిచారు. 2029లో ఇవి గుజరాత్‌కు వస్తున్నాయి. పతకాలకు సంతోషమే. అయితే పతకం తెచ్చేవాడు ఎలాగూ పరుగెత్తుతాడు. నా బెంగంతా తీగల వంతెన దగ్గర చూసిన ఆ బెల్టు గురించి.

ఆ క్రీడల్లో మెట్లెక్కే పందెం కూడా ఉంది. అగ్నిమాపక దుస్తులూ, గాలి సిలిండరూ మోస్తూ ఎక్కాలి. మనకిది వేడుక కాదు, అవసరం. మన ఫైర్ శాఖ దగ్గరున్న బ్రాంటో స్కైలిఫ్ట్ 54 మీటర్ల ఎత్తు అందుకుంటుంది, అంటే దాదాపు పద్దెనిమిది అంతస్తులు. కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్లు లేచాయి. ఆ పైన మంటొస్తే, కరెంటు పోతే, లిఫ్టు ఆగితే, నీళ్ల గొట్టం భుజాన వేసుకుని మెట్లెక్కాల్సింది మనిషే. ఆ మనిషి గుండె, మోకాలు ఎలా ఉన్నాయన్నది నలభయ్యో అంతస్తులో ఫ్లాటు కొన్నవాడు పట్టించుకోవలసిన సంగతి.

హైటెక్ సిటీలో ఆఫీసు కింద జిమ్ము, పైన కెఫే, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. గేటు బయట ఎనిమిది గంటలు నిలబడే కానిస్టేబుల్ అడుగులు లెక్కపెట్టేవాడు లేడు. ఈవెంట్స్ ఒక్కసారి పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. ముప్ఫై అయిదు దాటిన ప్రతి పోలీసుకీ ఫైర్‌మన్‌కీ వారానికి కొన్ని గంటలు గ్రౌండును డ్యూటీలోనే కలపాలి. ఆ సమయంలో బందోబస్తుకి పిలవకూడదు. ఏడాదికోసారి, ఒక ఆదివారం, గచ్చిబౌలి ట్రాక్ మీద వయసులవారీ పందేలు పెట్టాలి. శిక్షగా కాదు, జాతరగా. మొదటి పందెం 1600 మీటర్లే ఉండాలి. గడియారం మాత్రం వయసుకు తగ్గట్టు తిరగాలి.

ఆ ఆదివారం ఐటీ కుర్రాళ్లు పరుగెత్తనక్కర్లేదు. పొద్దున్నే లేచి ట్రాక్ పక్కన నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడితే చాలు. ఎవరికైనా పిక్క పడితే బొటనవేలిని ఎటు వంచాలో వాళ్లలో ఒకడికి ఇప్పటికే తెలుసు.

— పాదచారి