ఉమ్మడి ఆకాశము, ఉమ్మడి కాలము

జహీరాబాదు ప్రాంతమున మాచనూరు అను పల్లె కలదు. అచ్చటి దళిత స్త్రీలు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరి, తమ మాటను, తమ పాటను తామే ప్రసారము చేసికొనవలెనని సంకల్పించిరి. యునెస్కో సాయముతో 1990ల చివరికే రేడియో కేంద్రము సిద్ధమయ్యెను. పలుకుటకు మాత్రము అనుమతి లేకపోయెను. టేపులలో రికార్డు చేసి సంఘపు కూటములలో వినిపించుకొనుచు పదేండ్లకు దగ్గరగా గడపిరి. 2006లో ప్రభుత్వము తన విధానమును మార్చుకొనగా, 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో గొంతు విప్పెను. గాలిలో సాగు తరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పియుండెను. తీర్పు వ్రాసినవారిలో జస్టిస్ జీవన్ రెడ్డి మన తెలుగువారే. సొత్తు మనదని తేలిన పదుమూడేండ్లకు గాని మాచనూరునకు దాని పాలు దక్కలేదు. సముద్రమిచ్చిన ఉప్పుపై పన్ను గట్టిన దొరతనమును 1930లో ధిక్కరించిన జాతి మనది. గాలికి యజమాని ఎవ్వరని ఆ స్త్రీలు అడిగియుండిన తప్పేమి?

ఈ కథను నేడు మరల తలచుటకు కారణము కలదు. ఆకాశములో లైసెన్సు అక్కరలేని పట్టీలు కొన్ని ఉన్నవి. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లోను, 5 గిగాహెర్ట్జ్ ప్రాంతపు విశాలభాగమును 2018లోను ఇట్లు విడిచిపెట్టిరి. మితమైన శక్తితో పలుకువారు ఎవ్వరి గుమ్మమునను నిలువనక్కరలేదు. ఇంటింట వైఫై పనిచేయుట ఈ స్వేచ్ఛ వలననే. ఈ ఉమ్మడి పట్టీలో, నడుమ టవరు లేకుండ, ఒక ఫోను మరియొక ఫోనుతో నేరుగా మాటాడు పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణకర్తల కూటమియగు త్రీజీపీపీ 2024లో ముగించిన పదునెనిమిదవ కూర్పులో చేర్చినది. ఇది వినోదమునకు సంబంధించిన విషయము కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు టవర్లు మూగపోయెను. చేత ఫోను పట్టుకొని, ప్రక్కవీధిలోని బంధువు క్షేమమైనను తెలిసికొనలేక జనులు అల్లాడిరి.

అయితే ఇద్దరు మాటాడుకొనుటకు తరంగము ఒక్కటే చాలదు, కాలము కూడ కుదురవలెను. ప్రతి ఫోనులోను స్ఫటికపు గడియారమొకటి ఉండును. ఏ రెండును సరిగా ఒక్కతీరున నడువవు. ఎప్పుడు చెవియొగ్గవలెనో తెలియని ఫోనునకు ఎదుటివాని పలుకు వట్టి గోలగా తోచును. టవరు ఉన్నచోట అదియే తాళము వేయును. లేనిచోట ఫోనులలో నొకటి తాళగాడై సమకాల సంకేతమును పంపవలెను. ఐదవ తరపు పద్ధతిలో దీని ఆవృత్తి 160 మిల్లీసెకండులు. ఈ సంకేతములకు 672 గుర్తులు కలవు. అందు సగము టవరు నీడలోని వారికి, సగము ఆ నీడ దాటినవారికి కేటాయింపబడినవి. ఉపగ్రహమునుండి గాని టవరునుండి గాని స్వయముగా కాలము గ్రహించిన ఫోను మాట ముందు చెల్లును, దానివలన గ్రహించినదాని మాట తరువాత. మన గురుపరంపరల లెక్క ఇట్టిదే. గురువెవ్వరును కానరానప్పుడు తనంతతాను తాళము మొదలిడుటకు సామాన్యపు ఫోనునకు సైతము హక్కు ఉంచిరి. ఈ ఒక్క నియమము మాకు మిక్కిలి నచ్చినది.

చిక్కు ఇటుపైన కలదు. సొమ్ము పోసి కొన్న పట్టీలో తాళమునకు అడ్డు లేదు. ఉమ్మడి పట్టీలో "ముందు విను, పిమ్మట పలుకు" అనునది మర్యాద. ఐరోపాలో 5 గిగాహెర్ట్జ్‌నకు ఇది నిబంధనయే. తాళగాడు చెవియొగ్గగా పొరుగింటి వైఫై పలుకుచుండిన, అతడు ఊరకుండవలెను. అంతలో తాళము వేయవలసిన క్షణము దాటిపోవును. వెనుకనున్నవారందరి కాలము సడలును.

దీనికి రెండు మార్గములు కలవు. మొదటిది మినహాయింపు. క్లుప్తమైన సంకేతములను వినకయే పంపుటకు ఐరోపా నిబంధనలు 50 మిల్లీసెకండులలో రెండున్నర మిల్లీసెకండులకు మించకుండ సెలవిచ్చుచున్నవి. రెండవది, ఒకే ఆవృత్తిలో తాళమునకు అదనపు తావులు ఏర్పరచుట. మొదటి తావు చేజారిన రెండవదానిలో ప్రయత్నింపవచ్చును. చెక్కభజనలో ఒక దెబ్బ తప్పినవాడు పాట నాపడు, తరువాతి దెబ్బకు అందుకొనును. క్రొత్త కూర్పు ఇట్టి అదనపు తావుల కెడమిచ్చినది. మా మొగ్గు ఈ రెండవ మార్గమునకే. మినహాయింపు చిన్నదే, నిజము. నా సంకేతము అందరి మేలునకే గనుక నేను వినకయే పలుకుదునని మొదట అనుమతి కోరువాడు వినయవంతుడే. అతని వెనుక వరుసగా నిలుచువారు అట్టివారు కారు. ఊరుమ్మడి చెరువులో ప్రతి మోతుబరియు తన తూమునకు మాత్రమే మినహాయింపు కోరిన కడపటి పొలమునకు నీరెక్కడిది?

కంపెనీలను గూర్చి ఒక్కమాట. టవరు నడుమ నుండిననే వారికి రాబడి కలదు. కావుననే కాబోలు, ఫోనులు నేరుగా మాటాడు పద్ధతి పండ్రెండవ కూర్పులో, 2015లోనే, ప్రమాణములకెక్కినను మన సంతలో దొరకు సామాన్యపు ఫోనులలో అది కానరాదు. ప్రభుత్వము ఊరక చూచుట తగదు. 2025 మే నెలలో 6 గిగాహెర్ట్జ్ పట్టీ దిగువభాగమును లైసెన్సు లేకుండ విడుచుటకు ముసాయిదా ప్రకటించిరి. సంతోషమే. కాని అందు ఆరుబయట వాడుకకు మిక్కిలి స్వల్పశక్తి పరికరములకే చోటు నిచ్చిరి. గది నాలుగు గోడలలో వైఫైకి ఇది బాధ కాదు. చేనులో నిలిచిన రైతునకు, తుపాను రాత్రి వీధిలో నిలిచినవానికి బాధయే. ఇతర సేవలకు విఘాతము కలుగునను భయమున్నయెడల, కొలిచి చూచి హద్దు నిర్ణయింపవచ్చును గదా?

కొలుచుటకు పండితులు దూరమున లేరు. జహీరాబాదునుండి హైదరాబాదు పోవు రహదారిపైననే, కంది యొద్ద, ఐఐటీ కలదు. సంఘం రేడియో పలికిన 2008లోనే ఆ విద్యాలయమును పుట్టినది. ఐదవ తరపు ప్రమాణములలో భారతీయుల పాలు నిలిపినవారిలో అచ్చటివారు కలరు. చోదకుడు లేని వాహనములను పరీక్షించు ప్రాంగణము 2022లో అచ్చట తెరువబడెను. ఆ ప్రాంగణపు నున్నని బాటలపై చూచినదానినే మాచనూరు చేలలో, జొన్న నిలువెత్తు పెరిగిన దినములలో, టవరు నాపి మరియొకసారి చూడుడని వారిని కోరుచున్నాము. పది ఫోనులు, పదిమంది స్త్రీలు చాలును. తాళము ఎన్ని అడుగుల దూరము నిలిచినదో, వైఫై నడుమ ఎన్నిమారులు తప్పినదో లెక్కగట్టి, ఆ లెక్కను ఢిల్లీకి పంపుటతోపాటు తెలుగున అచ్చువేసి సంఘముల చేతికిని ఈయవలెను.