ఐస్‌క్రీం గ్లాసులో దాక్కున్న పెగ్గు

పుట్టినరోజైనా, సెలవులకు బంధువులు వచ్చినా ఇప్పుడు చాలా ఇళ్లలో ఐస్‌క్రీం ఫ్లోట్ ఉంటోంది. గ్లాసు అడుగున పండ్ల గుజ్జు, దాని మీద సోడా, ఆపైన ఓ స్కూపు వెనీలా. నురగ పొంగుతుంటే పిల్లలకు పండగే. అదే గ్లాసులో పెద్దల కోసం కాస్త లిక్యూర్ కలిపేవాళ్లూ ఉన్నారు. ‘ఇది మందు కాదండీ, డెజర్ట్’ అంటూ అందరికీ అందిస్తారు. నా అభ్యంతరమంతా ఆ మాట దగ్గరే.

లిక్యూర్ అంటే పండ్లు, కాఫీ, మీగడ వంటి రుచులకు చక్కెర జోడించి చేసే తీపి మద్యం. మీగడతో చేసే రకాల్లో ఆల్కహాల్ దాదాపు 17 శాతం. కొబ్బరి రుచి ఉండే కొన్నింటిలో 20 శాతం పైచిలుకు. నారింజ తొక్కతో చేసేవాటిలో కొన్ని 40 శాతం దాకా ఉంటాయి. బీరులో సాధారణంగా ఉండేది 5 నుంచి 8 శాతమే.

ఓసారి లెక్క వేసి చూడండి. 20 శాతం లిక్యూర్ 60 మి.లీ. పోస్తే ఆ ఫ్లోట్‌లో సుమారు 9.5 గ్రాముల ఆల్కహాల్ చేరుతుంది. రెండు ఫ్లోట్లు తాగితే 19 గ్రాములు. విస్కీ లార్జ్ పెగ్గులో ఉండేదీ ఇంచుమించు అంతే. అయితే పెగ్గు తాగేవారికి తామేం తాగుతున్నారో తెలుసు. ఫ్లోట్‌లో చల్లదనం, తీపి, మీగడ కలిసి ఘాటును కప్పేస్తాయి. నాలుక హెచ్చరించదు కాబట్టి మూడో గ్లాసు కూడా అడుగుతాం. ఆ తర్వాత ‘నేనేం తాగలేదుగా’ అనుకుంటూ బండి తీస్తాం. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే చట్టం దృష్టిలో అది తాగి నడపడమే. అది ఐస్‌క్రీంలోంచి వచ్చిందంటే ఎవరూ వదిలిపెట్టరు.

పైగా మన ఇళ్లలో వేడుకంటే మూడు తరాలూ ఒకే హాల్లో ఉంటాయి. తాతయ్య షుగర్‌కు మాత్రలు వాడుతుంటారు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారికి మద్యం వల్ల కొన్ని గంటల తర్వాత కూడా షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొత్త కోడలు గర్భవతై ఉండి, ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పకపోవచ్చు. ‘కొంచెమేగా, తాగమ్మా’ అని బలవంతపెడితే ఆమె ఏం కారణం చెప్పాలి? గర్భిణికి ఇంతవరకు ఫర్వాలేదనే మోతాదే లేదు.

అన్నిటికన్నా భయం పిల్లల గురించి. పెద్దలు సగం తాగి టీపాయ్ మీద పెట్టిన గ్లాసు అచ్చం వాళ్ల గ్లాసులాగే ఉంటుంది. చిన్నపిల్లల్లో కొద్దిపాటి మద్యం కూడా రక్తంలో చక్కెరను పడగొట్టి మగత, ఫిట్స్ తెప్పించొచ్చు. పొరపాటున తాగారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. నిద్రపోతే తగ్గుతుందిలే అని వేచి చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

‘ఎప్పుడో ఓసారి తాగితే ఏమవుతుంది?’ అని మీరు అడగొచ్చు. మద్యంలో సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే స్పష్టం చేసింది. అయినా తాగాలా వద్దా అన్నది 21 ఏళ్లు దాటినవారి సొంత నిర్ణయం. కానీ అది తెలిసి తీసుకునే నిర్ణయం కావాలి. తాగదలచినవారు కొలిచి, విడిగా చిన్న గ్లాసులో పోసుకోవాలి. ఫ్లోట్‌లో మాత్రం కలపొద్దు.

నిజానికి లిక్యూర్ లేకపోతే ఫ్లోట్ రుచికి వచ్చే లోటేమీ లేదు. చల్లటి గ్లాసులో నాలుగు చెంచాల మామిడి గుజ్జు, అర చెంచా నిమ్మరసం వేయండి. గ్లాసును కాస్త వాల్చి సాదా సోడా మెల్లగా పోయండి. పొంగడానికి పైన చోటు వదిలి, చివర్లో ఒక్క స్కూపు వెనీలా వేయండి. సోడాలోని గ్యాసు బుడగలను ఐస్‌క్రీంలోని కొవ్వు, ప్రొటీన్లు పట్టి ఉంచడం వల్లే ఆ నురగ నిలుస్తుంది. దానికి మద్యంతో పనిలేదు. తీపి కూల్‌డ్రింకుకు బదులు సాదా సోడా వాడితే 300 మి.లీ.కు 30 గ్రాముల దాకా చక్కెర, అంటే ఆరు చెంచాలు తప్పుతుంది. షుగర్ ఉన్నవారికి గుజ్జు, ఐస్‌క్రీం సగానికి తగ్గించండి.

ఈసారి ట్రే సర్దేటప్పుడు ఒక్కటి చూసుకోండి. అందులోని ఏ గ్లాసునైనా ఇంట్లో చిన్నపిల్లల చేతికి భయం లేకుండా ఇవ్వగలమా? ఇవ్వగలం అనుకుంటేనే ఆ ట్రేను హాల్లోకి తీసుకెళ్లండి.