సంపాదకుని మాట: పదిమంది కూర్చునే చోటు

నూరుమంది, అంతకు మించి కార్మికులున్న సంస్థల్లో యాజమాన్య, కార్మిక ప్రతినిధులు కలిసి కూర్చునే వర్క్స్ కమిటీలకు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వీలు కల్పించింది గానీ, పదిమందితో నడిచే విజయవాడ ఆటోనగర్ షెడ్డు ఆ పరిధిలోకి రాదు కనుక, పనివారి మాట యజమాని చెవిన పడడానికి సిబ్బంది సమావేశమే ప్రధాన వేదిక. ఈ సంచికలోని వ్యాసాలను కలిపే సూత్రం ఇదే. ఎజెండాను, అంటే చర్చించవలసిన అంశాల పట్టికను, ముందురోజే గోడకు అంటించి, యజమాని కంటే ముందు లేత్ మీద పనిచేసే కుర్రవాడిని మాట్లాడనిచ్చి, ఏ పని ఎవరు ఎప్పటికి చేయాలో అక్కడికక్కడే రాసుకుంటే పావుగంట చాలు. మందలింపులు విడిగా జరగాలి. ఓవర్‌టైమ్ డబ్బుల గురించి అడగడానికి జంకవలసిన సమావేశం ఎంత క్రమంగా జరిగినా వృథాయేనని సంపాదకవర్గం నమ్ముతోంది. అందుకే ఈసారి మొదటి పుటలను పనివారి రచనలకే కేటాయించాం.