పాత రేకా? కొత్త రేకా?

మా మిత్రుడొకాయనకి వాళ్ల నాన్నగారి అంబాసిడర్ కారు వాటాకి వచ్చింది. పదేళ్లుగా ఊళ్లో గడ్డివాము పక్కన షెడ్డులో పడి ఉంది. కోళ్లు వెనక సీట్లో గుడ్లు పెట్టాయి. వైరింగు సంగతి ఎలుకలు చూసుకున్నాయి. అయినా దాన్ని లారీ ఎక్కించి పట్నం తెచ్చుకున్నాడు. ఆయన చెల్లెలు అత్తారింటికి వెళ్లింది ఆ కారులోనే. నాన్నగారిని చివరిసారి ఆస్పత్రికి తీసుకెళ్లిందీ అందులోనే. అలాంటి బండిని తుక్కు కింద అమ్మడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఇంజిన్ దగ్గర పెద్ద పేచీ రాలేదు. పేచీ అంతా బాడీ దగ్గరే. "ఈ తుప్పు రేకులతో కుస్తీ ఎందుకు సార్? ముందు మడ్‌గార్డులు రెండూ, డోర్లు రెండూ కొత్తవి వేసేద్దాం. పది రోజుల్లో బండి ఇచ్చేస్తా" అన్నాడు టింకరింగ్ మేస్త్రీ. ఈయన సరేనన్నాడు. పాత రేకులు ఆ సాయంత్రమే పాత ఇనుము కొట్టుకి తూకానికి వెళ్లిపోయాయి.

తీరా కొత్త మడ్‌గార్డు పెట్టి చూస్తే బోల్టు రంధ్రాలు కలవలేదు. రంధ్రాలు సాగదీసి బిగిస్తే, బానెట్‌కీ దానికీ మధ్య సందు ఒక చివర వేలు పట్టేంత, రెండో చివర గోరు కూడా దూరనంత! ఆ వంకర కప్పిపుచ్చడానికి లప్పం. లప్పం మీద రంగు. పది రోజుల పని ఏడు నెలలైంది. మరుసటి వేసవికల్లా రంగు కింద లప్పం బీటలు తీసింది. "ఆ పాత రేకులు అటక మీద పడేసినా బాగుండేది" అని ఆయన ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

పాత కారు బాగుచేయించుకునే ప్రతివాళ్లకీ ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఉన్న రేకు బాగుచేయించాలా, కొత్తది కొని వేయించాలా?

అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ...

బాడీ రేకు స్పార్క్ ప్లగ్గు లాంటిది కాదు, తీసి వేరేది పెడితే సరిపోవడానికి. ఆ రోజుల్లో రేకులు అచ్చుల్లోంచి వచ్చాక కూడా లైనులో మనుషులు తట్టి, వంచి, సందులు సరిచూసి బిగించేవారు. మీ కారు ఎడమ డోరు మీ కారు ఎడమ చౌకట్టుకే కుదురుకుని ఉంటుంది.

అంబాసిడర్‌నే తీసుకోండి. బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1950ల చివర్లో మొదలై, 2014లో ఉత్తరపాడా ఫ్యాక్టరీలో ఆగిపోయేదాకా అర్ధశతాబ్దానికి పైగా వచ్చింది. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. దగ్గరికి వెళితే మార్క్-1 ముఖం వేరు, మార్క్-2 ముఖం వేరు, తర్వాత వచ్చినవాటి గ్రిల్లు, లైట్లు వేరు. ఫియట్ 1100గా మొదలై ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న బండిదీ అదే తీరు. "అంబాసిడర్‌దే కదా" అని చెప్పి తెచ్చుకుంటే చివరికి మా మిత్రుడి కథే అవుతుంది.

బయట దొరికే రేకులు మూడు రకాలు. ఒకటి, కంపెనీ నాడు తయారుచేసి, అమ్ముడుపోక ఏ పాత స్పేర్‌పార్టుల దుకాణం అటక మీదో మిగిలిపోయిన సరుకు. దొరికితే అదృష్టమే. రెండు, తుక్కుకి వెళ్లిన మరో కారు నుంచి ఊడదీసింది. తుప్పు లేకపోతే ఇదీ మంచిదే. మీ మోడల్‌దే అయితే సగం తలనొప్పి తగ్గినట్లు. మూడు, పాతదాన్ని చూసి ఇప్పుడెవరో చేసినది. దీంతోనే జాగ్రత్త. రేకు మందం, వంపులు, రంధ్రాలు సరిచూడకుండా డబ్బులివ్వకండి. వీలైతే పాత రేకుని వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి చూడండి.

సొట్ట వేరు, తుప్పు వేరు

నిర్ణయానికి ముందు ఈ తేడా తెలియాలి. సొట్ట పడ్డ రేకులో ఇనుము ఎక్కడికీ పోలేదు, ఆకారమే మారింది. వెనక నుంచి డాలీ ఆనించి ముందు నుంచి సుత్తితో ఓపిగ్గా తట్టగలిగిన మేస్త్రీ ఉంటే చాలా సొట్టలు వస్తాయి. సాగిపోయిన చోట వేడిచేసి, చల్లార్చి రేకుని మళ్లీ బిగువుకి తెస్తారు. మరీ మడత పడి చిరిగిపోతే తప్ప సొట్ట కోసం రేకు మార్చనక్కర్లేదు.

తుప్పు అలా కాదు. అక్కడ ఇనుమే కరిగిపోయింది. పైపైన ఎర్రగా ఉంటే గీకి, తుప్పు మందు పూసి, ప్రైమర్ వేస్తే సరి. చిల్లులు పడితే మాత్రం ఆ మేరకు కోయాల్సిందే.

తెలుసుకోవడం ఎలా? చిన్న అయస్కాంతం ఒకటి పలచటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరపండి. గట్టిగా పట్టుకున్న చోట ఇనుముంది. జారిపోయిన చోట మందంగా లప్పం ఉంది. వేలి కణుపుతో తట్టండి. రేకైతే మోగుతుంది, లప్పమైతే మొద్దుగా పలుకుతుంది. కింద పడుకుని స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. దిగిపోతే రంగు తప్ప రేకు లేనట్లే. డోర్ల అడుగు అంచులు, చక్రాల వంపులు, డిక్కీ నేల, రబ్బరు మ్యాట్ల కింద ఫ్లోరు... నీళ్లు నిలిచే చోట్లన్నీ చూడాలి.

అతుకు వేసే తీరు

డోరు కింద జానెడు మేర చిల్లులుంటే డోరంతా పారేయనక్కర్లేదు. తుప్పు పట్టిన మేర, ఇంకాస్త అవతల దాకా మంచి రేకు తగిలే వరకూ కోయాలి. అదే మందం రేకుతో అదే వంపుతో ముక్క చేసి, అంచుకి అంచు ఆనించి వెల్డింగ్ చేయాలి. ఏకబిగిన లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టుకుంటూ, చల్లారనిస్తూ పూర్తిచేయాలి. వెనక వైపు కూడా తుప్పు మందు పూయాలి. లప్పం చివర్లో, రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా.

చాలాచోట్ల తుప్పు మీదే కొత్త రేకు కప్పి అంటించేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. రెండు రేకుల మధ్య తేమ చేరి, రెండు మూడు వానాకాలాలకి మళ్లీ మొదటికొస్తుంది. వెల్డింగ్‌కి ముందు పెట్రోలు ట్యాంకు దించారా, బ్యాటరీ తీశారా అన్నది దగ్గరుండి చూసుకోండి.

మార్చక తప్పనివి

అంబాసిడర్, పద్మిని రెండింటికీ లారీకి ఉన్నట్లు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బండి బరువు మోస్తుంది. డోర్ల కింద ముందు నుంచి వెనక దాకా ఉండే పెట్టె లాంటి రేకులు ఇంటికి దూలాల్లాంటివి. అవి లోపలి పొరతో సహా తినేస్తే అతుకుల మీద అతుకులు వేయించకండి. ఇంట్లోవాళ్ల ప్రాణాల సంగతిది. మంచి రేకుతో పూర్తిగా కట్టించాల్సిందే. అప్పుడు కూడా లోపల అడ్డగడ్డీలు వెల్డు చేసి ఊతమిచ్చి, ఒకేసారి ఒక పక్క మాత్రమే కోయాలి. లేకపోతే బాడీ కిందకి వంగి, తర్వాత ఏ డోరూ పడదు.

డోర్లు, బానెట్, డిక్కీ మూత బోల్టులతో ఊడొచ్చేవి. సగానికి పైగా తినేస్తే అదే మోడల్ నుంచి తీసిన మంచిది వేసుకోవడంలో తప్పు లేదు. రంగు వేయకముందే అన్నీ బిగించి, డోర్లు వేసి తీసి చూసుకుని, అప్పుడు విప్పి రంగు వేయించండి.

విదేశాల్లో ఇంకో దారుంది. బ్రిటన్‌లో 1980లో తయారీ ఆగిన ఎంజీబీ కారుకి, పాత అచ్చులు వెతికి పట్టుకుని 1988 నుంచి మొత్తం బాడీలే కొత్తగా చేసి అమ్మడం మొదలుపెట్టారు. అన్నీ మార్చేస్తే అది పాత కారేనా అన్న వాదం అక్కడా ఉంది.

మన దగ్గర ఆ ప్రశ్నకి కాగితం విలువ కూడా ఉంది. యాభై ఏళ్లు నిండిన వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకునేందుకు కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. బండి అసలు రూపంలో ఉండాలనీ, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదనీ వాటి సారాంశం. మీ బండి ఆ వయసుకి దగ్గర పడుతుంటే, కట్టర్ పట్టుకోకముందే నాలుగు వైపులా, అడుగునా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఖర్చు సంగతా? కొత్త రేకు బిల్లు ముందే కనిపిస్తుంది. దాన్ని కుదిర్చే కూలీ తర్వాత కనిపిస్తుంది. రెండూ కలిపి లెక్కేసి, బాగుచేసే కూలీతో పోల్చుకోండి. ఏది ఎంచుకున్నా పని పూర్తయి నాలుగు వానలు పడేదాకా పాత రేకుని మాత్రం వదలకండి. కొలతకైనా పనికొస్తుంది.

మా మిత్రుడి కారు డిక్కీ మూత మీద ఒక సొట్ట ఉంది. నాన్నగారు రివర్సు చేస్తూ ఇంటి గేటు స్తంభానికి కొట్టింది. మేస్త్రీ దాన్నీ మార్చేద్దామన్నాడు. అప్పటికి బుద్ధొచ్చిన ఈయన వేరే ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన అడుగు అంచు తుప్పు కోసి ముక్క అతికాడు. "సొట్ట కూడా తీసేయనా బాబూ?" అని అడిగాడు.

"అది ఉండనీ" అన్నాడు మా వాడు.